అద్దాల వరసల మధ్య మా యూనియన్

కాడుగోడి దాటి హొసకోటె వైపు పోయే రోడ్డులో, గోడౌన్ల వరస వెనకాల మా ఫ్యాక్టరీ ఉంటుంది. వైట్‌ఫీల్డ్‌లో లేస్తున్న ఆఫీసు భవనాలకి తొడిగే అద్దాలు అక్కడే సిద్ధమవుతాయి. గాజు కరగబెట్టే పని అక్కడ లేదు. ఎక్కడినుంచో లారీల్లో గది గోడంత షీట్లు వస్తాయి. వాటిని కోసి, అంచులు నూరి, కడిగి, ఫర్నేసులో ఎర్రగా కాల్చి, ఒక్కసారిగా గాలి కొట్టి చల్లారుస్తారు. అప్పుడు అద్దం గట్టిపడుతుంది. కడిగిన తర్వాత, కాల్చే ముందు, మధ్యలో నా పని. తెల్లటి దీపాల ముందు షీటు నిలబడితే అందులో బుడగ ఉందా, గీత పడిందా అని చూడాలి. చాలా ఏళ్ళుగా అదే పని.

బయటివాళ్ళు అద్దం అనగానే చేతులు కోసుకోవడం గురించి అడుగుతారు. కోతలు మాకు లెక్కలో లేవు. మా భయమంతా దాని బరువుతోనే. లారీలోంచి దించిన షీట్లని ఇనుప స్టాండ్లకి ఆనించి, అలమారలో పుస్తకాల్లాగా ఒకదానికొకటి చేర్చి నిలబెడతారు. ఆ వరస కొంచెం వెనక్కి వాలి ఉన్నంతసేపే నిలుస్తుంది. ముందుకి వాలిందంటే మనుషులెవరూ ఆపలేరు. మేము ఆడవాళ్ళం బాత్‌రూమ్‌కి పోవాలంటే అలాంటి రెండు వరసల మధ్య సందులోంచి పక్కకి తిరిగి నడవాలి. అందులో ఒక స్టాండు కాలు వంగిపోయి ఉండేది. దాని కింద చెక్క ముక్క దూర్చి సరిపెట్టారు. పోతూ వస్తూ ఆ చెక్క ముక్క వైపు ఒకసారి చూడనివాళ్ళు మాలో లేరు.

ఒకరోజు పొద్దున టీ తర్వాత ఆ వరస కదిలింది.

క్రేన్ నడిపే మనిషి ఒడిశా వాడు. అందరికంటే నెమ్మదస్తుడు. కాడుగోడి స్టేషన్ వెనకాల ఒక గదిలో పెళ్ళాం పిల్లలతో ఉండేవాడు. షీటుని పట్టి ఎత్తే క్రేన్ రబ్బరు కప్పులు దానికి అంటించడానికి అతను వరస ముందుకి వెళ్ళాడు. నేను దీపాల దగ్గర ఉన్నాను. ముందు వినబడింది పెద్ద చప్పుడేం కాదు. పాత మంచం మీద ఎవరో పక్కకి తిరిగినట్టు ఒక కిర్రుమన్న శబ్దం. నేను తల తిప్పేసరికి షీట్లన్నీ కలిసి నిదానంగా, చాలా నిదానంగా ముందుకి వంగుతున్నాయి. అతను రెండు చేతులూ పైకెత్తి వాటిని ఆపడానికి చూశాడు. ఆ చేతులు నాకింకా కనిపిస్తాయి. తర్వాత వచ్చిన చప్పుడు చెవులతో విన్నట్టు లేదు, కాళ్ళలోంచి ఎక్కినట్టు ఉంది.

ప్రాణం దక్కింది. ఒక కాలు మోకాలి కిందకి తీసేశారు. అంబులెన్సు వెళ్ళిన తర్వాత పైపుతో నేల కడిగారు. మధ్యాహ్నానికి లైను మళ్ళీ తిరిగింది. “నిలబడకూడని చోట నిలబడినాడు,” అని సూపర్‌వైజరు మాకందరికీ వినబడేలా చెప్పాడు. వంగిన స్టాండుని పక్కకి లాగి, మరో పాత స్టాండుని అదే చోట పెట్టారు. దాని కాళ్ళ కిందకి కూడా ఎవరో చెక్క ముక్కలు తెచ్చారు.

ఆ రోజునుంచి మేము ఆడవాళ్ళం నీళ్ళు తాగడం మానేశాం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. సందులోంచి పోకుండా ఉండాలంటే బాత్‌రూమ్ అవసరం రాకూడదు, అంతే. ఇంటినుంచి తెచ్చుకున్న సీసాలు నిండుగానే తిరిగి వెళ్ళేవి. ఎండాకాలం. ఫర్నేసు వేడి మా దాకా కొట్టేది. కడిగే దగ్గర పనిచేసే కన్నడ అక్క ఒకామె ఉండేది, మాలో పెద్దది. ముందుగా ఆమెకే మూత్రంలో మంట మొదలై, జ్వరం పట్టుకుంది. తగ్గి వచ్చాక ఆమె నేరుగా సూపర్‌వైజరు దగ్గరకి వెళ్ళి, ఆడవాళ్ళకి వేరే దారి ఇవ్వండి, లేదా ఆ స్టాండ్లని అక్కణ్ణుంచి జరపండి అని అడిగింది. నేను ఆమె వెనకే నిలబడ్డాను. సూపర్‌వైజరు నవ్వి, “డాన్స్ చేస్తా పోతారా ఏమి? జాగర్తగా పోతే ఏమీ కాదు,” అన్నాడు.

కొన్నాళ్ళకి గేటు దగ్గర అక్క కార్డు పనిచేయడం మానేసింది. కాంట్రాక్టరు ఫోను ఎత్తలేదు. మేమందరం కాంట్రాక్టరు కిందివాళ్ళమే. కార్డు పలకకపోతే ఆ ఫ్యాక్టరీతో మాకు సంబంధం లేనట్టే. గేటు బయట టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడిన ఆమెని చూస్తూ మేము ఒక్కొక్కరమే కార్డు చూపించి లోపలికి వెళ్ళాం. నా కార్డు పలుకుతుందో లేదో అని ఆ క్షణం నా గుండె కొట్టుకున్నట్టు నా పెళ్ళినాడు కూడా కొట్టుకోలేదు.

యూనియన్ మాట ఎత్తింది అక్కే. వాళ్ళ మరిది బస్సు డిపోలో పనిచేసేవాడు. కార్మికుల కేసులు చూసే ఒక వకీలమ్మ గురించి అతనే చెప్పాడు. ఆమె ఆఫీసు బళేపేటలో, గాజుల కొట్ల పైన, ఇరుకు మెట్లెక్కితే వస్తుంది. మా ఆయన పనిచేసే హార్డ్‌వేర్ కొట్టు కూడా అదే పేటలో. అక్క కూతురికి సీమంతం దగ్గరపడుతోంది. గాజులు కొనడానికి వెళ్తున్నామని అందరికీ చెప్పి నేనూ అక్కా బయల్దేరాం. మెట్లెక్కేటప్పుడు ఇద్దరం వెనక్కి తిరిగి చూసుకుంటూనే ఉన్నాం. ఎవరు వస్తారని చూశామో మాకే తెలియదు.

వకీలమ్మ అంతా విని, తొందరపెట్టకుండా చెప్పింది. దరఖాస్తు మీద కనీసం ఏడుగురు సంతకం పెట్టాలి, వాళ్ళ వెనక ఇంకా చాలామంది నిలబడాలి.

“సంతకం పెట్టిన రోజునుంచి రిజిస్ట్రేషన్ చేతికొచ్చే దాకా మధ్యలో ఉండే కాలమే కష్టం,” అందామె. “అప్పటికి మీరు యూనియనూ కారు, మామూలు పనివాళ్ళూ కారు. ఆ కాలంలో మీ పేర్లు బయటికి రాకుండా చూసుకోండి.”

“వస్తే?” అని అడిగాను.

ఆమె దరఖాస్తు కాగితం నా చేతికిచ్చి, “ఒంటరిగా ఉండకండి,” అంది. కిందికి దిగాక నిజంగానే గాజులు కొన్నాం. డజన్ల కొద్దీ పచ్చ గాజులు. వచ్చినవాళ్ళందరికీ వేయడానికి.

సీమంతం రోజు ఆదివారం. అక్క ఇంట్లో ముందు గదిలో మా ఫ్యాక్టరీ ఆడవాళ్ళు, పాటలు, హారతి. వెనక రుబ్బురోలు పక్కన నేలమీద కూర్చుని మేము సంతకాలు పెట్టాం. అక్క, నేను, ఫర్నేసు దగ్గర పనిచేసే నలుగురు మగవాళ్ళు, కోత బల్ల దగ్గర పనిచేసే కుప్పం మనిషి. కుప్పం మనిషి అంటే మాకందరికీ ఇష్టం. షీటు మీద కత్తి గీస్తూ ఏదో ఒక కూనిరాగం తీస్తూనే ఉండేవాడు, ఎంత పెద్ద షీటునైనా ఒక్క గీతకే విరిచేవాడు. ఆ రోజు మాత్రం పాట లేదు. “అక్కా, ఇది పెట్టినాక ఎనక్కి తీసుకోను అయితుందా?” అని అడిగాడు. అక్క పెన్ను అతని వైపు జరిపింది. పెట్టాడు. కన్నడం, తెలుగు రాయడం, కొంచెం ఇంగ్లీషు చదవడం వచ్చినదాన్ని నేనే కాబట్టి నన్ను సెక్రెటరీ అన్నారు. వద్దనడానికి నోరు తెరిచాను. అక్క నా మొహంలోకి చూస్తోంది. మూసుకున్నాను.

మర్నాడు గేటు దగ్గర జరిగింది మేమెవరమూ ఊహించలేదు. లైను మీద గాజులు వేసుకోకూడదని ఫ్యాక్టరీలో నియమం. ముత్తయిదువకి సీమంతంలో వేసిన గాజులు ఒక్క రోజులో తీయడానికి మనసొప్పక చాలామంది వాటితోనే పనికి వచ్చారు. సెక్యూరిటీ మనిషి ఒక స్టీలు ట్రే తెచ్చి బల్లమీద పెట్టి, “తీయండమ్మా, తీయండి,” అన్నాడు. ఒకరి తర్వాత ఒకరు తీసి అందులో వేశారు. అన్నీ ఒకే పచ్చ. ఒకే కొట్టువి. ట్రే నిండిపోయింది. సరిగ్గా అప్పుడే హెచ్.ఆర్. మేనేజరు కారు దిగి వస్తూ ఆ ట్రే దగ్గర ఆగాడు. ఒక గాజు తీసి వెలుతురుకి పట్టుకుని చూశాడు, నేను షీట్లని చూసినట్టే.

“ఎక్కడమ్మా ఫంక్షను?” అని నవ్వుతూ అడిగాడు.

ఎవరూ పలకలేదు. ఆ పలకకపోవడమే అతనికి జవాబైంది. ఏ ఇంట్లో సీమంతమో కనుక్కోవడానికి అతనికి ఎంతసేపు పడుతుంది? పనిలోంచి తీసేసిన మనిషి ఇంటికి ఇంతమంది ఎందుకు వెళ్ళారో ఆలోచించడానికి ఎంతసేపు పడుతుంది? ఆ రోజంతా నేను దీపాల ముందు నిలబడి ఒక్క బుడగని కూడా పట్టలేకపోయాను. షీటులో నా మొహమే కనిపించేది.

రెండు రోజులు ఆగి అతను నన్ను పిలిపించాడు. గుడివాడ వైపు మనిషి. వైట్‌ఫీల్డ్‌లో ఉంటాడు. మిగతావాళ్ళతో ఇంగ్లీషూ హిందీ మాట్లాడేవాడు, నాతో తెలుగులో మొదలుపెట్టాడు. “కూర్చోమ్మా. మన తెలుగువాళ్ళం ఇక్కడ ఒకళ్ళకొకళ్ళు సపోర్ట్‌గా ఉండాలి కదా. మీది ఏ ఊరు?”

“ముళబాగిలు పక్కన సార్.”

“ఓ, బోర్డర్. మీ భాష భలే ఉంటుందిలే.” నీళ్ళ గ్లాసు నా వైపు జరిపాడు. “చూడమ్మా, ఫ్రాంక్‌గా మాట్లాడుకుందాం. నీ వర్క్ గురించి గుడ్ రిపోర్ట్స్ ఉన్నాయి. కంపెనీ రోల్స్‌లోకి తీసుకుందామని నేనే రికమెండ్ చేస్తున్నా. ఈ టైంలో అనవసరమైన వాళ్ళతో తిరగొద్దు. మీ మామగారు కూడా అప్పట్లో యూనియన్ అనే కదా తిరిగింది. ఏం మిగిలింది చెప్పు ఆయనకి?”

నేను గ్లాసు పట్టుకున్నాను, తాగలేదు. మా మామ సంగతి ఫ్యాక్టరీలో నేనెవరికీ చెప్పలేదు. ఆయన పనిచేసిన సీసాల ఫ్యాక్టరీ మూతబడి ఎన్నో ఏళ్ళయింది. అక్కడిప్పుడు అపార్ట్‌మెంట్లు లేచాయి. ఆ సంగతి ఇతనికి ఎవరు చెప్పారు? ఇంకా ఏమేం తెలుసు? “ఆలోచించుకో, తొందరేం లేదు,” అన్నాడు. తలుపు దాకా వచ్చి మరీ సాగనంపాడు. ఆ మర్యాద నన్ను ఇంకా బెదరగొట్టింది. తిట్టి ఉంటే నయమనిపించింది.

ఇంటికి వచ్చి మామకి చెప్పాను. ఆయన ఆ సీసాల ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసి, యూనియన్ మొదలుపెట్టినవాళ్ళలో ఒకడని నాకు తెలుసు. కానీ ఆయన నోటివెంట ఆ రోజుల మాట ఎప్పుడూ రాలేదు. అడిగితే లేచి బయటికి పోయేవాడు. ఆ రోజు ముంజేతి మీద పాత కాలిన మచ్చని నిమురుకుంటూ విని, “మానుకో అమ్మా,” అన్నాడు. “సంతకం పెట్టినావంటివే, పోయి కొట్టేయించుకో. నీకు బిడ్డ ఉండాది.”

“కొట్టేస్తే అక్క గతేంది మామా?”

“ఆయమ్మ గతి ఆయమ్మ చూసుకుంటాది. నేను చెప్పేది విను.” ఆయన గొంతు పెరిగింది. మా ఆయన కొట్టునుంచి వచ్చి విషయం విన్నాడు. అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపి కూర్చున్నాడు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం ఇద్దరు మనుషులు మా ఇంటికి వచ్చారు. మా ఆయన పక్కవీధికి పోయాడు. నేను వంటింట్లో ఉన్నాను, మామ వాకిట్లో కుర్చీలో. తెల్ల చొక్కాలు, శుభ్రమైన మనుషులు. ఒకతను మాట్లాడాడు, రెండోవాడు ఇల్లంతా చూశాడు. వాళ్ళదీ మా వైపు తెలుగే.

“ఏం పెద్దాయనా, బాగుండావా? కాసిన్ని నీళ్ళు ఇప్పిస్తావా?”

మామ లేచి తానే నీళ్ళు తెచ్చాడు. చెంబులోంచి గ్లాసులోకి వంచుతుంటే సగం నీళ్ళు నేలమీద పడ్డాయి. మాట్లాడే మనిషి గ్లాసు అందుకుని నెమ్మదిగా తాగాడు. మాటలు విని నేను గుమ్మం దాకా వచ్చాను. మా కూతురు అక్కడే కూర్చుని బొమ్మ గీసుకుంటోంది. “ఏం గీస్తా ఉండావు పాపా? ఏనుగా? బాగుండాది,” అన్నాడు. దాని స్కూలు పేరు అతనే చెప్పాడు. ఏ సందులోంచి వస్తుందో, ఏ కొట్టు దగ్గర ఆగి చాక్లెట్టు కొనుక్కుంటుందో కూడా చెప్పాడు. “ఆ మలుపులో లారీలు స్పీడుగా వొస్తాయి. ఒక కన్నేసి పెట్టమ్మా,” అని నా వైపు చూసి అన్నాడు. గ్లాసు నా చేతికే ఇచ్చి ఇద్దరూ వెళ్ళిపోయారు.

బెదిరించలేదు. గట్టిగా ఒక్క మాట అనలేదు. పక్కింటివాళ్ళు విన్నా బంధువులొచ్చారనుకుంటారు. నేను తలుపేసి, గడియ పెట్టి, మా కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని కూర్చున్నాను. “నలుగుతా ఉండా అమ్మా, వదులు,” అని అది ఏడ్చే దాకా నా పట్టు నాకు తెలియలేదు.

మామ గోడకి ఆనుకుని నేలమీద కూర్చుండిపోయాడు.

“ఇట్లే వొచ్చినారమ్మా అప్పుడు కూడా. ఇట్లే నీళ్ళడిగినారు.”

ఆ మధ్యాహ్నం మొదటిసారి ఆయన ఆ కథ చెప్పాడు. సీసాల ఫ్యాక్టరీలో కొలిమి ఎప్పుడూ ఆరేది కాదట. దాని ముందు నిలబడేవాళ్ళు కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళు. మధ్య మధ్యలో నీడకి పోయి కూర్చోనివ్వాలనేదే వాళ్ళ యూనియన్ అడిగిన మొదటి కోరిక. దానికే ఇంటింటికీ మనుషులు వచ్చారు.

“మా సెక్రెటరీ ఒకాయప్ప ఉండె. చెప్పులు తెగినాయి, కుట్టిచ్చుకోని వొస్తానని ఇంట్లోంచి పోయినాడు. పట్టపగలు. చెప్పులు కుట్టేటోడు నా దగ్గరికి రాలేదన్నాడు. ఊరొదిలి పోయినాడని కంపెనీ వాళ్ళు చెప్పినారు. ఆయప్ప పెండ్లాము ఎన్నేండ్లు వాకిట్లో చూసిందో.” మామ గుమ్మం వైపు చూశాడు. “ఇప్పటికీ తెల్దు ఏమైనాడో. బతికుండాడా లేదా కూడా తెల్దు. నువ్వు సెక్రెటరీ అయితివంటే నాకు ఆయప్పే గుర్తొచ్చినాడు.”

ఇంత కథ విన్నాక ఆయన మళ్ళీ మానుకో అంటాడనుకున్నాను. నేను మానుకోవడానికి సిద్ధంగానే ఉన్నాను కూడా. రేపు పోయి వకీలమ్మ కాళ్ళు పట్టుకుని పేరు తీయించేయాలని లోపల నిర్ణయించుకున్నాను.

“ఆ తరవాత ఏం చేసినారు మామా?” అని అడిగాను.

“ఆ తరవాత ఎవర్నీ ఒంటిగా పోనీలేదు. షిఫ్టు అయితానే అందరూ కలిసి ఎవురెవురికి బెదిరింపు వొచ్చిందో వాళ్ళని ఇంటి దాకా దిగబెట్టేది. నన్నూ దిగబెట్టినారు. అరవడాలు గిరవడాలు లేవు. నడిచేది, అంతే. ముందే చేసుంటే ఆయప్ప ఉండేవాడు.”

మర్నాటినుంచి మా కూతుర్ని స్కూలుకి తీసుకుపోవడం, తీసుకురావడం ఆయన పని. చెయ్యి వదలకుండా పట్టుకుని, ప్రతి లారీకీ ఆగి, మలుపులో వెనక్కి తిరిగి చూసుకుంటూ నడిచేవాడు. మానుకోమని మళ్ళీ అనలేదు, కొనసాగించమనీ అనలేదు. ఆయనకి భయం తగ్గలేదు. అన్నం సగానికి సగం వదిలేసేవాడు. నేను కూడా వకీలమ్మ దగ్గరకి వెళ్ళలేదు. రేపు వెళ్దాం, రేపు వెళ్దాం అనుకుంటూ రోజులు జరిపాను. తర్వాత జనం దాన్ని ధైర్యం అన్నారు. నాకు మాత్రం బళేపేట మెట్లు మళ్ళీ ఎక్కడానికి కూడా భయమేసింది.

మామ చెప్పిన సంగతి అక్కకి చెప్పాను. అక్క మిగతావాళ్ళకి చెప్పింది. అప్పటికి ఆ ఇద్దరు మనుషులు కుప్పం మనిషి గదికీ, ఫర్నేసు వాళ్ళలో ఇద్దరి ఇళ్ళకీ వెళ్ళొచ్చారు. కుప్పం మనిషి ఆ మర్నాడే పనిలోకి రాలేదు. గదికి తాళం. ఇంటివాళ్ళని అడిగితే ఊరికి పోయినాడన్నారు. ఫోను పలకలేదు. ఊరికి పోయినాడన్న మాట వినగానే నాకు మామ చెప్పిన సెక్రెటరీ గుర్తొచ్చాడు. ఊళ్ళో ఉన్న వాళ్ళ తమ్ముడికి ఫోను చేసి, మనిషి క్షేమంగా చేరాడని అతని నోటివెంట విన్నాకే ఊపిరి పీల్చుకున్నాను. కోత బల్ల దగ్గర వేరే మనిషి వచ్చాడు. షీట్లు పాట లేకుండా విరిగేవి.

ఆ వారంలోనే ఒక సాయంత్రం షిఫ్టు దిగి గేటు దాటేసరికి రోడ్డు పక్కన జనం నిలబడి ఉన్నారు. అక్క, ఫర్నేసు వాళ్ళు, నా పక్కన దీపాల దగ్గర పనిచేసే ఆడపిల్లలు, పేర్లు కూడా సరిగ్గా తెలియని లోడింగు వాళ్ళు. ఒడిశా వాళ్ళు ఒక గుంపుగా వచ్చారు. కాలు పోయిన మనిషి తమ్ముడు వాళ్ళలో ఉన్నాడు. నేను నడవడం మొదలుపెడితే అందరూ కదిలారు.

ఆ నడక గురించి ఇప్పుడు కొత్తవాళ్ళు ఊరేగింపు గురించి అడిగినట్టు అడుగుతారు. అక్కడ ఉన్నవాళ్ళకి తెలుసు. ఎవరి మొహంలోనూ రక్తం లేదు. గేటు నుంచి కొంచెం దూరం రాగానే వెనక ఒక బైకు స్టార్టయింది. దానిమీద ఇద్దరు. మా నడక వేగానికే అది వస్తోంది. మేము ఆగితే ఆగుతోంది. నా పక్కనున్న పిల్ల నా కొంగు గుప్పిట్లో పట్టుకుంది. “ఎనక్కి తిరగొద్దు,” అని ఎవరో గొణిగారు. కాడుగోడి మార్కెట్టులో కూరగాయలమ్మేవాళ్ళు లేచి నిలబడి చూశారు. వరసగా అంతమంది మాట్లాడకుండా నడుస్తుంటే ఎవరైనా చనిపోయారనుకున్నట్టున్నారు. ఒక ముసలామె దణ్ణం పెట్టింది. రైలు పట్టాల పక్క సందు దగ్గరకొచ్చేసరికి బైకు చప్పుడు వినబడలేదు. అప్పుడు కూడా ఎవరూ వెనక్కి తిరగలేదు.

మా వాకిట్లో మామ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అంతమందిని చూసి, అందరికీ నీళ్ళివ్వడానికి లోపలికి పోయి, ఎంతకీ బయటికి రాలేదు. వెళ్ళి చూస్తే బిందె ముందు కూర్చుని ఏడుస్తున్నాడు.

మర్నాడు ఫర్నేసు వాళ్ళ ఇంటికి నడిచాం. ఆ తర్వాత అక్క ఇంటికి. కొన్ని రోజులకి మా పేర్లు బయటపడి, మా కార్డులు కూడా గేటు దగ్గర పలకడం మానేశాయి. మేము గేటు ఎదురుగా చెట్టు నీడన కూర్చున్నాం, లోపలున్నవాళ్ళు బయటికి రాగానే మాతో నడిచేవాళ్ళు. ఆ వారాల్లో నేను సరిగ్గా నిద్రపోలేదు. తలుపు ఎవరు తట్టినా కూతుర్ని వెనకగదిలోకి తోసేదాన్ని. ఒకసారి గ్యాస్ సిలిండరు తెచ్చినతన్ని కిటికీలోంచి చూసి తలుపు తీయలేదు. అతను పాపం ఎండలో నిలబడి నిలబడి వెళ్ళిపోయాడు.

రిజిస్ట్రేషన్ వచ్చింది. వకీలమ్మ ఫోనులో చెప్పినప్పుడు నాకు సంతోషం కలగలేదు. ఇక పేరు తీసేయించుకోవడానికి వీల్లేదన్నదే ముందు తోచింది. తర్వాత లేబర్ ఆఫీసులో కూర్చోబెట్టారు. గుడివాడ మేనేజరు బల్లకి అటువైపు కూర్చుని ఒక్కసారి కూడా నాతో తెలుగులో మాట్లాడలేదు. చర్చలు సాగీ సాగీ చివరికి కంపెనీ దిగొచ్చింది. మమ్మల్ని అందర్నీ పనిలోకి తీసుకున్నారు. స్టాండ్లన్నీ కొత్తవి తెచ్చారు, కాళ్ళు నేలలోకి బిగించారు. ఆడవాళ్ళకి బయటి గోడ వెంట వేరే దారి వేశారు. కాలు పోయిన మనిషికి పరిహారం ఇచ్చి, స్టోర్‌లో కూర్చుని చేసే పని ఇచ్చారు. అతను ఇప్పుడు కూడా స్టాండ్లున్న వైపు తిరిగి కూర్చోడు. మేనేజరు వేరే ఊరికి బదిలీ అయ్యాడు. ఆ ఇద్దరు మనుషులు ఎవరో, ఎవరు పంపారో ఎప్పటికీ తేలలేదు. మేనేజరు తనకి తెలియదన్నాడు. కాంట్రాక్టరు తనకి తెలియదన్నాడు.

గేటు పక్కన జెండా ఎగరేసిన రోజు మామని బలవంతంగా తీసుకెళ్ళాం. ముందుకి రమ్మంటే రాలేదు. వెనక గోడకి ఆనుకుని నిలబడి, అందరూ జెండా వైపు చూస్తుంటే ఆయన రోడ్డు వైపు చూశాడు. ఆ మరుసటి చలికాలం ఆయన పోయాడు. మా కూతురు ఇప్పుడు తనే బస్సెక్కి కాలేజీకి పోతుంది. చేరగానే ఫోను చేయమంటే విసుక్కుంటుంది.

జెండా ఎగరేసిన కొన్ని నెలలకి కుప్పం మనిషి ఫోను చేశాడు. తెలియని నంబరు. గొంతు విని గుర్తుపట్టాను.

“అక్కా, వాళ్ళు ఇంకా అడుగుతా ఉండారా నా గురించి?”

“ఎవురూ అడగలేదప్పా. అంతా అయిపోయింది. మనోళ్ళందర్నీ పనిలోకి తీసుకున్నారు. నీ బల్ల నీకే ఇస్తారు, నేను మాట్లాడినా. వొచ్చేయి.”

అవతల దూరంగా మేకలు అరుస్తున్నాయి.

“నీ పక్కన ఎవురన్నా ఉండారా అక్కా?”

“ఎవురూ లేరు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉండా.”

“నిజంగానా? నీతో ఎవురూ చెప్పించడంలేదు కదా?”

లేదని ఒట్టేసి చెప్పాను. మా కూతురి మీద ఒట్టేశాను. అతను నమ్మాలని ఎంత ప్రయత్నించాడో ఆ ఊపిరిలో నాకు తెలిసింది. “సరే అక్కా, చూస్తాను,” అని పెట్టేశాడు. ఆ నంబరుకి తర్వాత చాలాసార్లు చేశాను. మొదట్లో మోగేది, ఎవరూ ఎత్తేవారు కాదు. తర్వాత మోగడం కూడా మానేసింది. కుప్పం వైపు నుంచి ఎవరైనా పనికి వస్తే అడుగుతూనే ఉంటాను. ఉన్నాడు, మేకలు తోలుకుంటాడు, కొత్తవాళ్ళు కనిపిస్తే ఇంట్లోకి పోతాడు అని చెప్తారు.